చెక్కముక్క తాళంచెవి

హొంగసంద్ర ఆరో క్రాసులో మా వఠారం.
అయిదు గడపలు, పద్దెనిమిది మంది,
ఒక్కటే మరుగుదొడ్డి.
దాని తాళంచెవి మెట్ల కింద మేకుకు వేలాడుతుంది,
ఎవరి జేబులోనూ పడిపోకుండా
గుండ్రటి చెక్కముక్కకు సుతిలి తాడుతో కట్టి.
మేకు ఖాళీగా ఉందంటే లోపల ఎవరో ఉన్నట్టు.
పొద్దున్నే మా అందరి చూపూ ఆ మేకు మీదే.

ఒరియా పిల్లగాళ్లు నలుగురు రాత్రి డ్యూటీ దిగి వస్తారు.
పూల సెల్వి నాలుగింటికే మార్కెట్టుకు పోవాలి.
ఇంటి ఓనరు నంజుండప్ప లోపలికి పోయాడంటే
రేడియోలో వార్తలు మొదలై, ముగిసి,
పొలాల కార్యక్రమం కూడా వస్తుంది.

నేను గార్మెంట్స్‌లో కాలర్లు కుడతాను.
అక్కడ లైనుకొక టోకెను,
నలభైమంది ఆడవాళ్లకు అదొక్కటే.
లేచి నిలబడితే సూపర్‌వైజరు వాచీ చూస్తాడు,
నోరెత్తి ఏమీ అనడు, వాచీ చూస్తాడు.
అందుకని నీళ్లు తాగడం మానేశాను.
ఒకటీ రెండు రోజులు కాదు, మూడేళ్లు.
నిండుసీసా తీసుకుపోయి
నిండుగానే తెచ్చేదాన్ని.
సాయంత్రం మెట్ల పక్కన కరివేపాకు డబ్బాలో పోసేదాన్ని.
కరివేపాకు ఏపుగా పెరిగింది.
నాకు మంట మొదలైంది.

నడుం నొప్పి అని చెప్పాను ఆయనకు.
చలిజ్వరంతో వణికిన రోజు
సెల్వే ఆటో ఎక్కించి ఆస్పత్రికి పట్టుకుపోయింది.
డాక్టరమ్మ కన్నడంలో అడిగింది.
మూడేళ్లుగా తాగని నీళ్లన్నీ
ఆమె ముందు కూర్చుని నమిలాను.
రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే
ఆమె తెలుగులోకి మారింది:
"వస్తే ఆపుకోవద్దు తల్లీ.
మూడు గంటలకొకసారి పో, రాకపోయినా పో.
కడుక్కునేది ముందు నించి వెనక్కి,
వెనక నించి ముందుకు కాదు.
తడి బట్ట మార్చుకో.
నీళ్లు తాగు."

ముప్పైనాలుగేళ్లు నాకు.
ముగ్గుకెన్ని చుక్కలో చెప్పారు,
పప్పులో ఉప్పెంతో చెప్పారు,
ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు.
అమ్మకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఆ రాత్రి లైటు తీసేశాక లహరికి చెప్పాను,
చీకట్లో అయితే ఇద్దరికీ సిగ్గుండదని.
ఆరో తరగతి. బళ్లో తలుపుకు గొళ్లెం లేదని
నాలుగింటిదాకా ఉగ్గబట్టుకుని పరిగెత్తుకొస్తుంది.
మేకు ఖాళీగా ఉంటే కాళ్లు మెలేసుకుని నిలబడుతుంది.
నేను కదురుకుంటూ మిషను చప్పుడు అనుకున్నది
నా బిడ్డ కూడా నేర్చేసుకుంది.
అంతా విని, చాలాసేపు ఊరుకుని, అడిగింది:
"మనం చేతులు కడుక్కుంటాం కదమ్మా,
తాళంచెవిని ఎవరు కడుగుతారు?"

ఆదివారం దాన్ని సర్ఫు నీళ్లలో నానబెట్టాను.
నీళ్లు టీ రంగుకు తిరిగాయి.
రెండోసారి మార్చాను, మూడోసారి.
పద్దెనిమిది మంది చేతులు,
మాకంటే ముందు కాపురమున్నవాళ్ల చేతులు,
ఒక్కొక్కటే వదులుతూ వచ్చాయి.
చివరికి లేతరంగు చెక్క బయటపడింది,
ఒక కొస సన్నగా, నున్నగా.
అది విరిగిన చపాతీ కర్ర!
నంజుండప్ప చూసి నోరు నొక్కుకున్నాడు.
"మా అవ్వది," అన్నాడు, కాసేపటికి.

మర్నాడు కొళాయికి ఒక పాత సాక్సు వేలాడుతోంది,
లోపల సబ్బుముక్క.
ఒరియా పిల్లగాళ్ల పనే అనుకుంటా,
ఎవరూ ఒప్పుకోలేదు.
బడికి నలభై రూపాయల గొళ్లెం కొనుక్కుపోయాను.
హెడ్మాస్టరు పైకి రాస్తామన్నారు.
రాయండి సార్ అని
సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాను.

ఇప్పుడు టోకెను నేనే వెళ్లి అడుగుతాను.
ఆయన వాచీ చూస్తాడు.
చూడనీ.
సీసా ఖాళీగా ఇంటికొస్తుంది.

కరివేపాకు కొంచెం వాడింది.
దానికి వేరే నీళ్లు చూడాలి.